ఉర్దూలో ‘ఉదాస్’, తెలుగులో ‘ఉదాసీనత’: ఒకే వేరు, రెండు అర్థాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మనసు బాగలేదని చెప్పుకోవడానికి మాటలకు కొదవ లేదు. రంది పెట్టుకున్నడు అంటారు. మనాది పట్టుకుంది అంటారు. పరేషాన్‌ల ఉన్నడు, బేజారైండు, ఫికర్ చేస్తుండు, బుగులు పడ్తుండు అని సందర్భాన్ని బట్టి వాడతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారైతే ‘తబియత్ ఉదాస్ హై’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. పక్కింటి తెలుగువారికి ఆ మాట అర్థం కాకపోవడం ఉండదు. పాటల్లో విన్నదే, బజారులో విన్నదే.

అదే మాట తెలుగు పత్రికలో కనిపిస్తే మాత్రం సంగతి మారిపోతుంది. ‘తాగునీటి సమస్యపై అధికారుల ఉదాసీనత’ అని శీర్షిక పెడితే, పాపం అధికారులు బాధలో ఉన్నారని ఎవరూ అనుకోరు. పట్టించుకోవడం లేదని, నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకుంటారు. ఉర్దూలో ఉదాస్ అయినవాడు దుఃఖంలో ఉన్నవాడు. తెలుగులో ఉదాసీనంగా ఉన్నవాడు దేనికీ పట్టింపు లేనివాడు. ఒకరిని చూస్తే జాలి వేస్తుంది, ఇంకొకరిని చూస్తే కోపం వస్తుంది. రెండు మాటలకూ వేరు మాత్రం ఒక్కటే.

నిఘంటువుల్లో ఉండే ఈ తేడా ఇళ్లలోనూ ఉంది. మనసు కుంగిపోయి మంచం దిగని మనిషిని ‘వీనికి దేని మీదా ధ్యాస లేదు, పనిదొంగ అయిండు’ అని తిట్టే ఇంట్లో జరుగుతున్నది ఇదే. ఉదాస్ అయినవాడిని ఉదాసీనుడిగా లెక్కగడుతున్నారు. ఈ పొరపాటుకు ఒక్కోసారి చాలా పెద్ద మూల్యం పడుతోంది.

మాట ఎక్కడిది?

ఉర్దూలో వినిపిస్తుంది కాబట్టి ఉదాస్ ఫార్సీ మాటో, అరబ్బీ మాటో అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. పరేషాన్, బేజార్ ఫార్సీవే. ఫికర్, గమ్ అరబ్బీవే. ఉదాస్ మాత్రం ఈ దేశంలోనే పుట్టిన మాట. సంస్కృతంలో ‘ఆస్’ అనే ధాతువుకు కూర్చోవడం అని అర్థం. ఆసనం అనే మాట దాని నుంచే వచ్చింది. సభల్లో ‘వేదికపై ఆసీనులైన పెద్దలు’ అంటారే, ఆ ఆసీనులు కూడా అక్కడివారే. దాని ముందు ‘ఉద్’ చేరితే విడిగా, ఎడంగా కూర్చోవడం అవుతుంది. అలా కూర్చున్నవాడు ఉదాసీనుడు. ‘ఉప’ చేరితే దగ్గరగా కూర్చోవడం. ఉపాసన అనే మాట పుట్టింది అలాగే. అంటే ఉపాసన, ఉదాసీనత ఒకే ఇంటి పిల్లలు. ఒకటి దగ్గరికి జరిగింది, ఇంకొకటి దూరం జరిగింది.

మొదట్లో ఈ మాటలో తిట్టూ లేదు, ఏడుపూ లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుల లెక్క ఒకటి ఉంటుంది. శత్రువు, మిత్రుడు, మధ్యముడు, చివరికి ఉదాసీనుడు. ఈ చివరివాడు బలమైన రాజే, కానీ కొట్లాటకు బయట ఉంటాడు. ఇప్పటి భాషలో తటస్థ దేశం అన్నమాట. భగవద్గీత 9, 14 అధ్యాయాల్లో ఉదాసీనుడిలా ఉండటం గొప్ప గుణంగానే కనిపిస్తుంది. లాభం వచ్చినా నష్టం వచ్చినా కదలనివాడని అక్కడ భావం. సిక్కుల సంప్రదాయంలో గురు నానక్ చేసిన దూర ప్రయాణాలను ‘ఉదాసీలు’ అంటారు. ఆయన కొడుకు శ్రీచంద్ పేరుతో నడిచే సాధువుల శాఖ పేరు కూడా ఉదాసీయే. ఇల్లు, సంసారం విడిచి దూరంగా ఉండటమే ఈ మాటలన్నిటికీ ఆధారం.

తర్వాత దారులు చీలాయి. ఉత్తరాది వాడుక భాషల్లో దూరంగా కూర్చున్నవాడి ముఖం మీద జనం దృష్టి పడింది. విడిగా కూర్చున్నాడంటే దిగులుగా ఉన్నాడని లెక్క. హిందీ, ఉర్దూ, మరాఠీల్లో ఉదాస్ అంటే అందుకే విచారం. తెలుగు ఈ మాటను పండితుల సంస్కృతం నుంచి తీసుకుంది. అందుకని పట్టనట్టు ఉండటం అనే పాత అర్థాన్నే పట్టుకుంది. సర్కారు ఆఫీసుల పుణ్యమా అని అది క్రమంగా నిర్లక్ష్యంగా మారింది.

ఉర్దూలో ఉదాస్‌కు దుఃఖంతో పాటు అలసట కూడా అంటుకుని ఉంటుంది. అబ్దుల్లా హుసేన్ 1963లో రాసిన పేరుపొందిన నవల పేరు ‘ఉదాస్ నస్లేఁ’. ఆ తర్వాత ఆయనే దాన్ని ఇంగ్లీషులో రాసినప్పుడు పేరులో ‘దుఃఖించే తరాలు’ అనలేదు, ‘వేసారిన తరాలు’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. సొంత రచన పేరుకు రచయితే ఎంచుకున్న అర్థం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

నిజాం పాలన ముగిసిన 1948 దాకా కరీంనగర్ జిల్లాలో కచ్చేరీ భాష, బడి భాష ఉర్దూయే. కాబట్టి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ మాట రెండు దారుల్లోనూ వచ్చి చేరింది. ఉదాస్ బజారు దారిన, దోస్తానా దారిన వచ్చింది. ఉదాసీనత పుస్తకాల దారిన, పత్రికల దారిన వచ్చింది. ఒకే ఊళ్లో ఉన్నా రెండూ చుట్టాలన్న సంగతి చాలామందికి తట్టదు.

చుట్టుపక్కల మాటలు

పరేషాన్ అంటే ఫార్సీలో చెల్లాచెదురైనది. చెదిరిన జుట్టును కూడా ఫార్సీ, ఉర్దూ కవులు పరేషాన్ అనే అంటారు. పరేషాన్‌ల ఉన్న మనిషి ఆలోచనలు ఒక్క చోట నిలవవు కాబట్టి మాట సరిగ్గా సరిపోయింది. ఫికర్ అంటే అరబ్బీలో వట్టి ఆలోచనే. ఎక్కువ ఆలోచిస్తే దిగులే కదా అని వాడుక దాన్ని దిగులు చేసింది. తెలుగులోనూ ‘ఊకె ఆలోచన పెట్టుకోకు’ అంటే దిగులు పడకనే అర్థం. మనాది అనే మాటకు మనోవ్యాధితో చుట్టరికం ఉంది. జబ్బు అన్న సంగతి ఆ మాటలోనే దాగి ఉంది. ‘మనాదితోటి మంచం పట్టిండు’ అనే పెద్దలకు మనసు బాధ ఒంటిని పడగొడుతుందని ఎవరూ నేర్పనక్కర్లేదు.

బేజార్ సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. ఫార్సీలో అది విసుగు, ఏవగింపు. తెలుగు విలేకరులకు ఇది ఇష్టమైన మాట. ‘బజారులో రైతు బేజారు’ అని ప్రాస కుదిరితే శీర్షిక దానంతట అదే తయారవుతుంది. తెలుగులో ‘విసిగి వేసారి’ అంటాం. ఆ వేసారు అచ్చమైన ద్రావిడ మాట. తెలుగులో ‘వ’ ఉన్న చోట కన్నడంలో చాలాసార్లు ‘బ’ వస్తుంది. మన విల్లు వాళ్లకు బిల్లు, మన వేరు వాళ్లకు బేరు. అలాగే మన వేసటకు వాళ్ల చుట్టం బేసర. కన్నడంలో బేసర, బేజారు రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఒకటి సొంతది, ఒకటి ఫార్సీది. అర్థంలో, చప్పుడులో ఇంత దగ్గరగా ఉండబట్టే దక్కనులో బేజార్ అంత సులువుగా ఇంటి మనిషి అయిపోయిందని అనిపిస్తుంది.

ఈ మాటలన్నిటికీ, ఉదాస్‌కూ ఒక తేడా ఉంది. రందికి, ఫికర్‌కు, పరేషాన్‌కు ఏదో ఒక కారణం ఉంటుంది. బిడ్డ పెండ్లి రంది, అప్పు ఫికర్, కోర్టు కేసు పరేషానీ. ‘ఎందుకు?’ అంటే జవాబు దొరుకుతుంది. ‘ఉదాస్ ఎందుకున్నవ్?’ అంటే ‘ఏమో, ఊరికెనే’ అన్నా చెల్లుతుంది. ఉర్దూలో అది వింత జవాబు కాదు. తెలుగు ఇళ్లలో మాత్రం కారణం లేని దిగులును నమ్మడం కష్టం. ‘తిండికి తక్కువా, బట్టకు తక్కువా, ఏం తక్కువైంది నీకు?’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఉర్దూ ఇళ్లలో ఈ ప్రశ్న రాదని కాదు. కానీ ఆ భాషలో కారణం లేని దిగులుకు కనీసం ఒక పేరుంది.

ఈ తేడాను వెయ్యేళ్ల కిందే గుర్తించిన హకీం ఒకాయన ఉన్నాడు. ఇప్పటి అఫ్ఘానిస్థాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ. క్రీ.శ. 850లో పుట్టి 934లో చనిపోయాడు. దేహాలకు, మనసులకు ఏది మేలు చేస్తుందో చెబుతూ ఆయన రాసిన అరబ్బీ పుస్తకంలో దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశాడు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి. ఆప్తులు పోవడం, ఆస్తి పోవడం వంటివి. దీనికి మాట సాయం, ఆలోచనను మళ్లించడం మందు అన్నాడు. కారణం తెలియని దుఃఖం ఇంకొకటి. అది దేహంలోంచి పుడుతుంది కాబట్టి దేహానికీ వైద్యం చేయాలన్నాడు. అప్పటి వైద్యులకు తెలిసింది రక్తం, పైత్యం వంటి ధాతువులే కాబట్టి లెక్క వాటితోనే వేశాడు. అయినా ఆ విభజన ఇప్పటి డాక్టర్లకూ కొత్తగా అనిపించదు. యునానీలో దీర్ఘకాలపు దిగులుకు మాలీఖూలియా అని పేరు. గ్రీకులో నల్లటి పిత్తం అనే అర్థం ఉన్న మాట అరబ్బీ నోట్లో పడి అలా మారింది. మన వైపు ఆయుర్వేదంలో చరకుడు కూడా ఉన్న రోగాన్ని పెంచేవాటిలో విషాదమే మొదటిదని లెక్క కట్టాడు.

డాక్టర్ అడిగే రెండు ప్రశ్నలు

తెలుగు పత్రికలు డిప్రెషన్‌ను ఇప్పుడు ‘కుంగుబాటు’ అంటున్నాయి. డిప్రెషన్‌కు లాటిన్‌లో కిందికి నొక్కడం అని అర్థం. బంగాళాఖాతంలో వచ్చే డిప్రెషన్‌ను మాత్రం వాయుగుండం అంటాం. వాయుగుండం వస్తే వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరిస్తుంది. కుంగుబాటు వస్తే ఇంట్లోవారికి కూడా తెలియదు.

డిప్రెషన్ ఉందా లేదా అని తొలిచూపులో తెలుసుకోవడానికి ప్రపంచమంతా డాక్టర్లు వాడే చిన్న ప్రశ్నపత్రం ఒకటుంది. అందులో ఉండేవి రెండే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో మనసు దిగులుగా, కుంగినట్టుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులు ఉంది? అదే రెండు వారాల్లో చేసే పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్ని రోజులు ఉంది?

మొదటి ప్రశ్న అడుగుతున్నది ఉర్దూ ఉదాస్ గురించి. రెండో ప్రశ్న అడుగుతున్నది తెలుగు ఉదాసీనత గురించి. ఒకే వేరు నుంచి రెండు భాషలు పంచుకుపోయిన రెండు అర్థాలూ ఈ జబ్బుకు ప్రధాన లక్షణాలే. ఏ ఒక్కటి గట్టిగా ఉన్నా డాక్టర్ ఇంకా లోతుగా చూస్తాడు. కొందరిలో కన్నీళ్లు అసలు ఉండవు. దుఃఖం కూడా ఉండదు. దేని మీదా మనసు పోకపోవడమే ఉంటుంది. ఇష్టంగా తినే బిర్యానీ ముందు పెట్టినా ముద్ద దిగదు. మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముఖంలో కదలిక ఉండదు. ఏడిస్తే ఇంట్లోవాళ్లు జాలిపడి దగ్గరికి వచ్చేవారు. ఏడవడు కాబట్టి ‘రాయి లెక్క ఉన్నడు, పట్టింపే లేదు’ అంటారు. జబ్బు లక్షణమే అతని మీద నేరంగా మారుతుంది.

వీటితో పాటు నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్ర, ఆకలి తగ్గడం, ఒళ్లంతా అలసట, తను ఎందుకూ పనికిరాననే ఆలోచన, పని మీద మనసు నిలవకపోవడం, చనిపోతే బాగుండుననే తలపు ఉంటాయి. రెండు వారాలకు పైగా ఇవి రోజూ ఉంటే దాన్ని మామూలు రంది అనుకోకూడదు.

సాంచాల మధ్య

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మానేరు ఒడ్డున ఉన్న ఈ పట్టణంలో పగలూ రాత్రీ సాంచాల చప్పుడే. కార్మికుడు పన్నెండు గంటల పాలీలో ఒక్కడే అనేక సాంచాలు చూసుకోవాలి. దారం తెగితే కనిపెట్టాలి, అతకాలి, మళ్లీ తిప్పాలి. కూలి నేసిన మీటర్లను బట్టి వస్తుంది. ఈ పనికి మొదట కావలసింది కన్ను, ధ్యాస. కుంగుబాటు మొదట దెబ్బ కొట్టేదీ ధ్యాసనే. బట్టలో లోపం పడుతుంది, కూలి తెగుతుంది, ఆసామి మాట పడాల్సి వస్తుంది. ‘వానికి పని మీద శ్రద్ధ లేదు’ అన్న పేరు వస్తుంది. రాత్రి పాలీ చేసేవాళ్లకు నిద్ర సమస్య ఎటూ ఉంటుంది. నిద్ర పట్టకపోవడం జబ్బు వల్లనా, పాలీ వల్లనా అని తెలుసుకోవడం వాళ్లకే కష్టం.

1990ల చివరి నుంచి సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యలు దేశమంతా వార్తలయ్యాయి. అప్పులు, పని లేకపోవడం, గుజరాత్, మహారాష్ట్ర మిల్లుల పోటీ వాటి వెనుక ఉన్నాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల సర్కారు ఆర్డర్లు వచ్చి కొన్నేళ్లు చేతినిండా పని దొరికింది. ఆ ఆర్డర్లు ఆగి, బకాయిలు పేరుకున్న 2024లో పాత వార్తలు మళ్లీ మొదలయ్యాయి. పని దొరకనివాడికి గోలీ ఇస్తే సరిపోతుందని ఎవరూ అనరు, అనకూడదు. కూలి, ఆర్డర్లు, అప్పుల లెక్క తేలకుండా ఆ ఊరి దిగులు తీరదు. కానీ ఒకే అప్పు, ఒకే ఖాళీ సాంచా ఉన్న ఇద్దరిలో ఒకరు తట్టుకుంటారు, ఇంకొకరు తట్టుకోలేరు. ఆ రెండోవాడికి జబ్బు ఉందేమో చూడకుండా ‘పిరికివాడు’ అనడం అన్యాయం.

మందు, కల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దిగులు మరిచిపోవడానికి తాగుతున్నానని చాలామంది అంటారు. మద్యం కాసేపు మత్తులో ఉంచుతుంది, తెల్లారేసరికి మనసును మరింత కిందికి లాగుతుంది. కల్తీ కల్లులో డైజిపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలుపుతారు. అది అలవాటైనవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, పొంతన లేని మాటలు రావడం జరుగుతుంది. ఇంట్లో బంధించి మాన్పించే పని ప్రమాదం. ఆసుపత్రిలో మెల్లగా మాన్పించాలి.

కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో

ఈ వైపు ‘దుబాయ్ పోయిండు’ అంటే దుబాయే కానక్కర్లేదు. మస్కట్ కావచ్చు, కువైట్ కావచ్చు, సౌదీ కావచ్చు. 1970ల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల నుంచి హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా వెళ్తూనే ఉన్నారు. ఒకప్పుడు ఉత్తరాలు, ఆ తర్వాత టేపులో రికార్డు చేసి పంపిన క్యాసెట్లు, ఇప్పుడు వీడియో కాల్. ఉత్తరంలో మనిషి ముఖం కనిపించేది కాదు. వీడియోలో ముఖం కనిపిస్తుంది కాబట్టి నవ్వు పెట్టుకోవాల్సి వస్తుంది. అక్కడి నుంచి ‘మంచిగనే ఉన్న’ అని అతను, ఇక్కడి నుంచి ‘మేమూ మంచిగనే ఉన్నం’ అని భార్య. ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీ, క్యాంపులో పది మందితో ఒకే గది, ఎండలో పని, చేతిలో లేని పాస్‌పోర్టు గురించి ఇద్దరూ మాట్లాడుకోరు. ఉదాస్ అనే మాట ఫోన్‌లో పలకడానికి కూడా భయమే. పలికితే అవతలివారు ఏమీ చేయలేరు, రాత్రంతా నిద్రపోరు.

తిరిగి వచ్చినవాడి పరిస్థితి ఇంకా చిక్కు. పదేళ్లు బయట ఉండి వచ్చిన మనిషికి ఇంట్లో చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయి ఉంటారు, ఇంటి లెక్కలు భార్య చేతిలో నడుస్తుంటాయి. అరుగు మీద ఒక్కడే కూర్చుంటాడు. ‘గట్ల కూసుంటే ఎట్ల, ఏదన్న చూసుకో’ అని ఇంట్లోవాళ్లు అంటారు. ఎడంగా కూర్చోవడం అనే మాట పాత అర్థం ఈ అరుగు మీద అక్షరాలా కనిపిస్తుంది.

బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉదాస్ అని గానీ, రంది అని గానీ చెప్పరు. చాట ముందు పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చునే పని. ‘నడుము నొస్తంది, తలకాయ నొస్తంది, కడుపుల మంట, నిద్ర వడ్తలేదు’ అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే సూది, బలానికి గ్లూకోజ్ ఎక్కిస్తారు. నొప్పి అబద్ధం కాదు, ఆ కూర్చునే పనికి నడుము నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. కానీ నెలల తరబడి పరీక్షల్లో ఏమీ దొరకకుండా ఒళ్లంతా నొప్పులే ఉంటే దాని కింద కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఈ జబ్బు డాక్టర్ గదిలోకి చాలాసార్లు ఒంటి నొప్పి రూపంలోనే వస్తుంది. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, బి12 లోపం వల్ల కూడా అచ్చం ఇలాగే నీరసం, దిగులు వస్తాయి. అందుకే డాక్టర్ మొదట రక్త పరీక్ష రాస్తే ‘మనసు బాగలేదంటే రక్తం తీస్తరేంది’ అని విసుక్కోవద్దు.

ఆ తర్వాత వచ్చే అడ్డంకి దిష్టి, నజర్, గాలి. దర్గాకు వెళ్లినా, కొండగట్టుకు వెళ్లినా మనసుకు నెమ్మది దొరుకుతుందంటే కాదనాల్సిన పనిలేదు. వెళ్లిరావచ్చు. డాక్టర్‌ను మానేసి అక్కడే నెలలు గడపడంతోనే ఇబ్బంది. ఇంకో అడ్డంకి ఎర్రగడ్డ. హైదరాబాద్‌లోని మానసిక వైద్యశాల ఉన్న ఆ పేట పేరు తెలంగాణ అంతటా తిట్టుగా మారిపోయింది. ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలె’ అనే ఒక్క ఎగతాళి మాట ఎంతమందిని చికిత్సకు దూరం చేసిందో లెక్క కట్టేవారు లేరు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

హైదరాబాద్ దాకా పోవాల్సిన పని ఇప్పుడు తగ్గింది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ చిట్టీ మీద ‘సైకియాట్రీ’ అని రాయించుకుంటే చాలు. అసలు జిల్లా స్థాయిలో ఈ వైద్యం అందించవచ్చని దేశానికి చూపించింది పక్క రాష్ట్రంలోని బళ్లారి. అక్కడ 1980లలో చేసిన ప్రయత్నమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశంలోకి వచ్చింది.

ఆసుపత్రికి వెళ్లడానికి ఇష్టపడనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనే ఆలోచన వస్తున్నవారు, అలాంటి మాట ఇంట్లో ఎవరి నోట విన్నా ఉదయం దాకా ఆగకుండా ఫోన్ చేయాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ‘చచ్చిపోవాలనిపిస్తుందా?’ అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందనే భయం చాలామందికి ఉంది. అలా జరగదు. అడిగితే చాలామందికి భారం దిగుతుంది.

పోలీసు కేసు అవుతుందని దాచేవారూ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, సర్కారు చికిత్స అందించాలి. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ కూడా లేదు.

మందుల గురించి ఒక్క మాట. డిప్రెషన్ గోలీలు తలనొప్పి గోలీల్లాగా గంటలో పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో కడుపులో తిప్పడం వంటివి ముందు వస్తాయి, గుణం తర్వాత కనిపిస్తుంది. అందుకే పది రోజులకే ‘పనిచేస్తలేవు’ అని పక్కన పడేసేవారు ఎక్కువ. బాగైనట్టు అనిపించగానే సొంతంగా ఆపేయడం కూడా తప్పే. ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. గోలీలే కాకుండా మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. తేలికపాటి కుంగుబాటుకు చాలాసార్లు అదే సరిపోతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగిన పనికి తెలంగాణ తెలుగులో ఒక మాట ఉంది. మందలించడం. కోస్తా ఆంధ్రలో మందలించడం అంటే కోప్పడటం. ఇక్కడ పలకరించడం, బాగోగులు అడగడం. చావు ఇంటికి పోయి వచ్చినవారు ‘మందలిచ్చి అచ్చినం’ అంటారు. ఉర్దూలో దీన్నే మిజాజ్‌పుర్సీ అంటారు. ఇది కూడా ఉదాస్ లాగే ఒక మాట రెండు చోట్ల రెండు అర్థాలు తెచ్చుకున్న కథే. కుంగిపోయినవాడికి కోస్తా మందలింపు ఇప్పటికే కావలసినంత దొరుకుతోంది.

ఇక డాక్టర్ గదిలో. ‘ఆసక్తి తగ్గిందా?’ అని డాక్టర్ పుస్తకం తెలుగులో అడిగితే బీడీల కమ్మకైనా, సాంచా కార్మికుడికైనా అందకపోవచ్చు. ఈ లక్షణాన్ని చెప్పడానికి ఇక్కడి నుడికారం అంతకంటే పదునుగా ఉంది. ‘తినబుద్ధి అయితలేదు, మాట్లాడబుద్ధి అయితలేదు, ఎవ్వలి ముఖం చూడబుద్ధి అయితలేదు’ అంటారు. దక్కనీలో ‘జీ నై లగ్‌రా, కుచ్ కర్నే కో దిల్ నై హోరా’ అంటారు. జబ్బు పేరు తెలియకపోయినా పర్వాలేదు. ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పి, ఎన్ని రోజుల నుంచి ఇలా ఉందో కూడా చెబితే డాక్టర్‌కు కావలసిన మొదటి సమాచారం అందినట్టే.